వెదురు ఎవరి సొత్తు?



మన యిండ్ల చేటను, గంపను మేదరి అల్లి తెచ్చుట మనమెల్లరము ఎఱుగుదుము. ఝార్ఖండు, పశ్చిమ వంగ, ఒడిశా ప్రాంతములలో ఆ పనితోనే జీవించు గిరిజనులు మాహలీలు. వీరి భాష సంతాలీకి చెల్లెలు. మన మన్యమునందలి సవరభాషయు ఆ ముండా కుటుంబములోనిదే. సవరభాషకై గిడుగు రామమూర్తి పంతులుగారు పడిన శ్రమ నెఱిగిన తెలుగువారికి మాహలీలు పరాయివారు కాజాలరు.

1891లో రిస్లీ దొర ప్రకటించిన గ్రంథము వీరిలో అయిదు శాఖలను పేర్కొన్నది. బుట్టలల్లువారు ఒక శాఖ. పల్లకీలు మోయువారు మఱియొక శాఖ. పల్లకీలు పోయినవి, వానితో ఆ కూలియు పోయినది. వెదురుపని నిలిచినది. ఛఠ్ పర్వమున సూర్యునకు అర్ఘ్య మిచ్చునపుడు చేతబట్టునది వెదురుచేటయే గదా!

అయినను 1927 నాటి అటవీ చట్టము వెదురును వృక్షములలో చేర్చినది. శాస్త్రము గడ్డి యన్నదానిని చట్టము చెట్టన్నది! ఆ తప్పు దిద్దుటకు తొంబది యేండ్లు పట్టినది. 2017 నాటి సవరణతో వెదురు ఆ నిర్వచనమునుండి తొలగినది. పెరటి వెదురు కొని నేయువానికి ఇది మేలే. కాని అడవిలోని వెదురు నేటికిని అటవీ ఉత్పత్తియే.

దానికి వేఱు చట్టము గలదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము, అడవి నాశ్రయించి బ్రదుకు గిరిజనులు తరతరములుగా సేకరించు వెదురుపై వారికే స్వామ్యమును, విక్రయించు హక్కును ఒసగినది. 2011లో గడ్చిరోలి జిల్లాలోని మేంఢా గ్రామసభ తన వెదురును తరలించు అనుమతిపుస్తకమును తానే చేపట్టి, అది సాధ్యమని చూపినది.

కాని హక్కు తనంతట నడచి గుడిసెకు రాదు. బి ఫారము నింపవలెను, గ్రామసభ తీర్మానింపవలెను. కాగితములు లేవని వెనుదీయ నక్కఱలేదు. హక్కు కోరువారు గాక, ఇతర వృద్ధులు చెప్పిన మాటను వ్రాతలో పెట్టినచో అదియు సాక్ష్యమేయని నియమములు చెప్పుచున్నవి.

మేము న్యాయవాదవృత్తిలో నున్నవారము. కోర్టులో గంటలకొలది వాదించు మేము ఒక్కపూట గ్రామసభలో కూర్చుండి, వృద్ధుని మాటను వ్రాసి పెట్టలేమా? ప్లాస్టికు బుట్ట సంతను ఆక్రమించుచున్న యీ కాలమున మాహలీకి వలసినది జాలి కాదు. చేతికందు వెదురు, న్యాయమైన వెల. దయ చూపితిమని గర్వింపక, బాకీ తీర్చితిమని తలపుడు.