తర్బియత్‌కు కూడా ఒక తరగతి కావాలి

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



పిల్లల పెంపకమును గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గము వారు కోరినారు. మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. రోజూ బడిలో చూస్తున్నదే మనవి చేస్తాము.

తాలీమ్, తర్బియత్ అని మనం రెండు మాటలు జంటగా పలుకుతాము. తాలీమ్ అంటే చదువు, తర్బియత్ అంటే పెంపకము. చదువు చెప్పేవారికి శిక్షణ ఉన్నది. పెంచేవారికి ఏ శిక్షణా లేదు. వెనుక దాదీ, నానీ ఇంట్లోనే ఉండి చెప్పేవారు. బతుకుతెరువు కోసం జిల్లాల నుండి వచ్చి ఒక్క గదిలో కాపురముంటున్న జంటకు ఆ పెద్దదిక్కు ఏది?

మన ఫిలింనగరు సంగతే చూడండి. గుట్ట మీద జూబిలీహిల్స్ బంగళాలు, కింద బస్తీలు. తండ్రి లైట్లు మోసేవాడో, సెట్ల వడ్రంగియో, డ్రైవరో. తెల్లవారక ముందే షూటింగుకు పోతే, పిల్లలు నిద్రపోయాక ఇల్లు చేరతాడు. తల్లి నాలుగిళ్ళలో పని చేసుకొస్తుంది. ఇక బిడ్డను ఆడించేది సెల్‌ఫోనే. రెండేళ్ళలోపు బిడ్డకు తెర చూపవద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ వారికి రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అది చెప్పి ఊరుకుంటే చాలదు. వంట అయ్యేవరకు బిడ్డ చేతికి రెండు గిన్నెలు, ఒక గరిటె ఇచ్చి చూడమ్మా అని కూడా చెప్పాలి.

పిల్లవాడు బడికి రావటం లేదని తండ్రికి కబురు పంపుతాము. ఆయన ఒకరోజు కూలి పోగొట్టుకొని వస్తాడు. ఆ కోపమంతా పిల్లవాని వీపు మీద పడుతుంది. మరునాటి నుండి వాడు బడికి మరింత దూరమవుతాడు. ఆ తండ్రి చెడ్డవాడు కాదు. కొట్టకుండా ఎట్లా దారికి తేవాలో ఆయనకు ఎవరూ చూపలేదు, అంతే.

1975 అక్టోబరు 2న మొదలైన ఐ.సి.డి.ఎస్. పథకములో, అంగన్‌వాడీ ద్వారా స్త్రీలకు పోషకాహార, ఆరోగ్య విద్య ఉచితముగా చెప్పే ఏర్పాటు ఉన్నది. మంచిదే. కాని అది తల్లుల కొరకు. తండ్రుల మాటేమిటి?

మన పేటకు ప్రత్యేకమైన పాఠము ఇంకొకటి ఉన్నది. ముద్దుగా ఉన్న పిల్లను చూచి సినిమాలో వేషమిస్తామంటారు. బాలనటుల చేత రోజుకు 5 గంటలకు మించి, విశ్రాంతి లేకుండా 3 గంటలకు మించి పని చేయించరాదని 2017 నాటి నిబంధనలు చెబుతున్నవి. సంపాదనలో కనీసము 20 శాతము బిడ్డ పేరిట జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. ఈ సంగతి తెలిసిన తల్లి సెట్టులో ధైర్యముగా అడగగలదు. తెలియని తల్లి ఇచ్చింది పుచ్చుకొని వస్తుంది.

కనుక మా సూచన ఇది. నెలకు రెండు ఆదివారాలు, సాయంత్రము ఒక్క గంట, సంఘము ఉచితముగా తరగతి నడపాలి. ఉర్దూలోను, తెలుగులోను చెప్పాలి. తల్లులతోపాటు తండ్రులూ రావాలి. ఆ గంటసేపు చంటిపిల్లలను కనిపెట్టుకునేందుకు మన ఆడపడుచులు ముందుకు రావాలి. మనవాళ్ళు, పొరుగువాళ్ళు అనే భేదం వద్దు. ఉపన్యాసం తక్కువ, వినటం ఎక్కువ ఉండాలి. మనసు బాగా కుంగినవారికి 2022లో వచ్చిన టెలిమానస్ ఉచిత నెంబరు 14416 చెప్పాలి. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ప్రతి ఇంటి తలుపు వెనుక వ్రాసి ఉండాలి.

"మాకు ఇంగ్లీషు రాదు సాబ్, పిల్లలకేం చెప్పగలం?" అని తల్లులు అంటుంటారు. చెప్పనక్కరలేదమ్మా, అడిగితే చాలు. "ఈరోజు బడిలో ఏమైంది బేటా?" అని మీ భాషలో అడగండి, చేతిపని ఆపి వినండి. మొదటి తరగతి పాఠము ఇదే.

కుర్చీలు, చాపలు సంఘములో ఉన్నవి. చెప్పటానికి మేము సిద్ధము. వచ్చే ఆదివారమునకు పేర్లు ఇచ్చేవారు సభ ముగిసిన పిదప కార్యదర్శిగారిని కలవవలెనని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము. ఖుదా హాఫిజ్.