హ్యాండిల్ మార్చే ముందు వైర్ల సంగతి చూడండి

ఈరోజు టాపిక్ బైక్ హ్యాండిల్. పార్కింగ్‌లో కూర్చుని మన హ్యాండిల్ మనమే మార్చుకోవచ్చా అని చాలా మంది అడుగుతున్నారు. మార్చుకోవచ్చు, రాకెట్ సైన్స్ ఏం కాదు. కానీ హ్యాండిల్ అంటే నాలుగు బోల్టులు విప్పి బిగించే రాడ్డు అనుకుంటే మాత్రం ఇబ్బందే. క్లచ్ వైర్, యాక్సిలరేటర్ వైర్, ముందు బ్రేక్, స్విచ్‌ల వైరింగ్ అన్నీ దానికే ఉంటాయి. హ్యాండిల్ రెండు అంగుళాలు పైకి లేచిందంటే ఇవన్నీ కూడా రెండు అంగుళాలు సాగాలి. అవి సాగవు. అసలు కథ అక్కడే మొదలవుతుంది.

మన ఏరియాలో ఇది ఇంకా ముఖ్యం. ఎందుకో చెప్తాను. బషీర్‌బాగ్ నుంచి నారాయణగూడ మీదుగా చిక్కడపల్లి వెళ్లి చూడండి. ట్రాఫిక్‌లో స్పీడ్ 20, 30 దాటదు. కానీ హ్యాండిల్ మాత్రం ఫుల్‌గా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. యూటర్న్ కొట్టాలి, ఆటో పక్క నుంచి దూరాలి, అశోక్ నగర్‌లో కోచింగ్ సెంటర్ ముందు వరసగా పెట్టిన బండ్ల మధ్య నుంచి మన బండి బయటికి లాగాలి. హైవే మీద హ్యాండిల్ దాదాపు నిటారుగానే ఉంటుంది కాబట్టి, వైర్ పొట్టిగా ఉన్నా అక్కడ తెలియదు. గల్లీలో ఫుల్‌గా తిప్పినప్పుడే తెలుస్తుంది. అప్పుడు ఎదురుగా ఎవరో ఒకరు ఉంటారు.

ముందు వైర్ ఎలా పని చేస్తుందో చూద్దాం. దీన్ని బౌడెన్ కేబుల్ అంటారు. 1896లో ఎర్నెస్ట్ బౌడెన్ అనే ఆయన పేటెంట్ తీసుకున్నాడు. ఐడియా చాలా సింపుల్. లోపల స్టీల్ తీగ, బయట గట్టి గొట్టం లాంటి కవర్. మనం లివర్ నొక్కితే లోపలి తీగ లాగబడుతుంది, బయటి కవర్ కదలకుండా అడ్డుగా నిలబడుతుంది. అంటే ఇక్కడ పని చేసేది తీగ, కవర్ పొడవుల మధ్య ఉన్న తేడా. ఈ ఒక్క పాయింట్ గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు హ్యాండిల్ ఎత్తు పెంచి పాత వైరే ఉంచాం అనుకోండి. నేరుగా ఉన్నప్పుడు అంతా బాగానే ఉంటుంది. ఒక వైపు ఫుల్‌గా తిప్పగానే బయటి కవర్‌కి పొడవు చాలదు. టైట్ అవుతుంది, కూర్చున్న చోటు నుంచి లేస్తుంది. కవర్ జరిగితే లోపలి తీగని మనం లాగినట్టే లెక్క. యాక్సిలరేటర్ అయితే మీ చెయ్యి కదలకుండానే రేస్ పెరుగుతుంది. యూటర్న్ మధ్యలో బండి దానంతట అదే ముందుకి దూకిందంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. క్లచ్ అయితే ఎప్పుడూ కొంచెం నొక్కి పట్టుకున్నట్టు ఉంటుంది. ప్లేట్లు జారి, వేడెక్కి, త్వరగా అరిగిపోతాయి. హ్యాండిల్ మీద మిగుల్చుకున్న డబ్బులు క్లచ్ ప్లేట్లకి పెడతారు.

మరి ఎంత పొడవు వైర్ కావాలి? అంచనాకి కొనకండి. ఇంట్లో ఉన్న పురికొస తీసుకోండి. కొత్త హ్యాండిల్ బిగించి, వైర్ వెళ్లే దారిలోనే పురికొస పట్టుకెళ్లండి. ఆ వైర్‌కి ఏ వైపు తిప్పితే ఎక్కువ దూరం అవుతుందో ఆ వైపు ఫుల్‌గా తిప్పి కొలవండి. పాత వైర్ కవర్ కూడా కొలవండి. ఆ తేడానే మీకు కావాల్సిన ఎక్స్‌ట్రా. ఇంకో విషయం, కొనే ముందు రూటింగ్ మార్చి చూడండి. ఫోర్కు ముందు నుంచి వెళ్లే వైర్‌ని కొంచెం దగ్గరి దారిలో పంపితే, ఎత్తు తేడా తక్కువున్నప్పుడు పాత వైరే సరిపోవచ్చు. అలాగని మరీ పదునుగా మడవకండి. మడత దగ్గర తీగ రాసుకుని పోగులు పోగులుగా తెగుతుంది.

పుత్లీబౌలిలో, రాణిగంజ్‌లో స్పేర్ పార్ట్స్ షాపులున్నాయి కదా, అక్కడికి పాత వైర్ పట్టుకెళ్లండి. కవర్ పొడవుతో పాటు, కవర్ బయట తేలి ఉన్న తీగ పొడవు కూడా పోల్చండి. కవర్ 3 అంగుళాలు పెరిగితే తీగ కూడా సరిగ్గా 3 అంగుళాలే పెరగాలి. రెండు చివర్ల నిపుల్ కూడా అదే సైజు, అదే షేప్ ఉండాలి. తీగకి ముక్క అతికించడం, స్క్రూ నిపుల్ బిగించడం లాంటివి రోడ్డు మీద వైర్ తెగితే ఇంటికి చేరడానికి పనికొస్తాయి. రోజూ నడపడానికి కాదు.

ఇప్పుడు ముందు బ్రేక్. డ్రమ్ బ్రేక్ అయితే అది కూడా వైరే, ఇప్పటిదాకా చెప్పిందే వర్తిస్తుంది. డిస్క్ అయితే ఆయిల్ పైపు. దానికి అతుకు అనే మాటే లేదు. చాలకపోతే పొడవైన కొత్త పైపు మొత్తం వెయ్యాలి. పైపు బోల్టుకి అటూ ఇటూ ఉండే వాషర్లు కూడా కొత్తవే వెయ్యాలి. పాతవి ఒకసారి నలిగిపోయాయి కాబట్టి మళ్లీ సీల్ అవుతాయని గ్యారంటీ లేదు. తర్వాత గాలి మొత్తం పోయేదాకా బ్లీడింగ్ చెయ్యాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. ఏబీఎస్ యూనిట్ లోపలికి గాలి వెళ్తే కొన్ని బండ్లకి డయాగ్నస్టిక్ టూల్ లేకుండా బయటికి రాదు. అందుకే నా సలహా ఇదీ. వైర్లు మీరు మార్చుకోండి, బ్రేక్ పైపు ఓపెన్ చెయ్యాల్సి వస్తే మాత్రం తెలిసిన మెకానిక్‌తో చేయించండి. అన్నట్టు బ్రేక్ ఆయిల్ పెయింట్‌ని తినేస్తుంది. ట్యాంక్ మీద పాత దుప్పటి కప్పడం మర్చిపోవద్దు.

ఇక ఫిట్టింగ్. విప్పే ముందు ప్రతి వైపు నుంచి ఫోన్‌లో ఫోటోలు తీసుకోండి. ఏ వైర్ దేని వెనక నుంచి వెళ్లిందో తర్వాత గుర్తుండదు. బ్రేక్ ఆయిల్ డబ్బా విప్పినా నిటారుగానే వేలాడేలా కట్టండి. పడుకోబెడితే గాలి దూరుతుంది. హ్యాండిల్ మందం చూడండి. మన దగ్గర చాలా బండ్లకి 22 మిల్లీమీటర్లు. మధ్యలో లావుగా, 28.6 ఉండే హ్యాండిల్స్ మీ క్లాంప్‌లో పట్టవు. స్విచ్ బాక్స్ లోపల చిన్న పిన్ ఉంటుంది, హ్యాండిల్‌లో దానికో రంధ్రం ఉంటుంది. కొత్త హ్యాండిల్‌కి ఆ రంధ్రం లేదని కొందరు పిన్ కోసేస్తారు. అలా చెయ్యకండి. ఆ పిన్ లేకపోతే యాక్సిలరేటర్ బాక్స్ మొత్తం చేతితో పాటు తిరిగిపోతుంది. క్లాంప్ బోల్టులు ఏ వరసలో, ఎంత టైట్ చెయ్యాలో మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. అదే ఫాలో అవ్వండి.

బిగించారు. ఇప్పుడు రోడ్డెక్కే ముందు చెయ్యాల్సిన చెకప్. వీడియో మొత్తంలో ఇంపార్టెంట్ పార్ట్ ఇదే, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఒకటి, బండి మెయిన్ స్టాండ్ మీద, న్యూట్రల్‌లో, ఇంజిన్ ఆన్. హ్యాండిల్ మెల్లగా ఫుల్ లెఫ్ట్, ఫుల్ రైట్ తిప్పండి. ఇంజిన్ సౌండ్ కొంచెం పెరిగినా బండి బయటికి తియ్యొద్దు.

రెండు, రెండు చివర్లలోనూ యాక్సిలరేటర్ తిప్పి వదలండి. టప్పున వెనక్కి రావాలి.

మూడు, క్లచ్ లివర్ లూజు నేరుగా ఉన్నప్పుడు ఎంత ఉందో, ఫుల్‌గా తిప్పినప్పుడు కూడా అంతే ఉండాలి.

నాలుగు, ముందు చక్రం గాలిలోకి లేపి బ్రేక్ పైపు చూడండి. ఫోర్కు పూర్తిగా సాగినప్పుడే పైపుకి ఎక్కువ పొడవు కావాలి. గోతిలో పడి లేచినప్పుడు జరిగేది అదే. తర్వాత బ్రేక్ గట్టిగా నొక్కి ఒక నిమిషం పట్టుకోండి. లివర్ లోపలికి దిగకూడదు.

ఐదు, ఫుల్‌గా తిప్పినప్పుడు బొటనవేలు ట్యాంక్‌కి తగలకూడదు. హారన్, ఇండికేటర్లు, బ్రేక్ లైట్ రెండు వైపులా పని చెయ్యాలి.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లకి కూడా ఇదే లిస్ట్. అశోక్ నగర్‌లో సీనియర్ రూమ్ ఖాళీ చేస్తూ బండి అమ్ముతాడు, హ్యాండిల్ ఆయన టేస్టు, ప్రాణం మీది. డబ్బులిచ్చే ముందు ఐదు నిమిషాలు పెట్టి ఇవన్నీ చూడండి.

కొందరు ఇంకో మాట అంటారు, కంపెనీ వాళ్లే ఒకే బండిని రెండు హ్యాండిల్స్‌తో అమ్ముతున్నారు కదా అని. నిజమే. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2018లో తెచ్చిన ఇంటర్‌సెప్టర్ 650, కాంటినెంటల్ జీటీ 650 రెండింటికీ ఇంజిన్ ఒకటే. ఒకదానికి ఎత్తు హ్యాండిల్, ఇంకోదానికి కిందకి ఉండే క్లిప్-ఆన్‌లు. కానీ వాళ్లు హ్యాండిల్ ఒక్కటే మార్చి వదిలేయలేదు. ఫుట్‌రెస్ట్‌లు వెనక్కి జరిపారు, ట్యాంక్ మార్చారు, సీటు మార్చారు. మనం హ్యాండిల్ మాత్రమే మారిస్తే మిగతా లెక్క మనమే చూసుకోవాలి.

చివరిగా చట్టం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం వచ్చిన సవరణ ప్రకారం, రూల్‌కి విరుద్ధంగా మార్చిన ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. అందుకే కంపెనీ మీ మోడల్‌కి అఫీషియల్ యాక్సెసరీగా వేరే హ్యాండిల్ అమ్ముతుంటే ముందు అది చూడండి. ఏం మార్చినా ఇన్సూరెన్స్ వాళ్లకి రాతపూర్వకంగా చెప్పండి. యాక్సిడెంట్ అయ్యాక క్లెయిమ్ దగ్గర వాదించుకోవడం కంటే అది మేలు. పాత హ్యాండిల్, పాత వైర్లు పారేయకండి, మంచం కింద పెట్టుకోండి.

నడుం నొప్పి తగ్గాలని మార్చినా, లుక్ కోసం మార్చినా తప్పేం లేదు. బడ్జెట్ వేసుకునేటప్పుడు మాత్రం హ్యాండిల్ రేటు ఒక్కటే కాదు, వైర్ల రేటు కూడా కలిపి వేసుకోండి. అంత బడ్జెట్ లేకపోతే వచ్చే నెల దాకా ఆగండి. బండి మోడల్, ఎంత ఎత్తు హ్యాండిల్ కావాలో కామెంట్‌లో పెట్టండి, వైర్ల గురించి అక్కడే మాట్లాడుకుందాం. హెల్మెట్ పెట్టుకోండి. మళ్లీ కలుద్దాం, బై.