యంత్రములోని యంత్రమునకు దారి



మల్కాజ్‌గిరిలో కాపురముండు మీ బిడ్డల యిండ్లకు వచ్చినపుడు, ఒకే డాబాలో మూడు నాలుగు వాటాలుండుట మీరు చూచియే యుందురు. ఇంటి నంబరు ఒక్కటే. దానికి వచ్చిన ఉత్తరము ఏ వాటాకు చేరవలెనో యజమానికి తెలిసియుండవలెను.

ఒక పెద్ద కంప్యూటరులో, దాని బలమును పంచుకొని, వేరు కంప్యూటరులవలెనే పనిచేయు కల్పిత యంత్రములను నిలుపవచ్చును. వీనిని వర్చువల్ మెషీనులందురు. ఇది కొత్త విద్య కాదు, ఐ.బి.ఎం. వారు 1960 దశకముననే సాధించిరి. పెద్ద యంత్రము యజమాని, కల్పిత యంత్రములు వాటాలవారు.

మీ యూరి పాలసంఘము లెక్కలు మల్కాజ్‌గిరిలోని మనుమని యింట ఇట్టి యొక యంత్రమున నున్నవనుకొనుడు. యంత్రము చక్కగా నడచుచుండును. ఊరిలో మీ ఫోనున మాత్రము ఏమియు కనబడదు. ఏలన, లోపలి యంత్రపు చిరునామా 192.168.122.50 వంటిది. 192.168తో మొదలగు చిరునామాలను ఎవరి యింట వారు వాడుకొనవచ్చునని 1996లో నిబంధన యేర్పడినది. పాతపద్ధతి చిరునామాలు మొత్తము 429 కోట్లే యగుటచే ఈ పొదుపు అవసరమైనది. లక్షల యిండ్లలో నున్న అంకెను పట్టుకొని వెలుపలివారు మీ యిల్లు కనుగొనజాలరు.

కావున యజమాని యంత్రమునకు ఆజ్ఞ యీయవలెను. ప్రతి కంప్యూటరునకు 65,535 వరకు అంకెలుగల ద్వారములుండును, వీనినే పోర్టులందురు. "నా 8443వ ద్వారమునకు వచ్చినదానిని 192.168.122.50 యొక్క 443వ ద్వారమునకు పంపుము" అనుటయే ఆ యాజ్ఞ. లినక్స్‌లో ఐపీటేబుల్స్ అను సాధనముతో దీనిని వ్రాయుదురు. ఒకరి వార్త నింకొకరికి అందించు అనుమతి ఆ యంత్రమునకు వేరుగా నీయవలెను; ఇది మరచి రాత్రులు జాగరము చేసినవారు పెక్కురు! జవాబు మరలునపుడు యజమాని తన చిరునామానే దానిపై వేసి పంపును. లోపలి చిరునామా స్థిరముగా నుండవలెను. అది మారినచో ఉత్తరము ఖాళీ వాటాకు పోవును.

చిక్కు తీరునని కొందరు ద్వారములన్నియు తెరచి లోపలికి మళ్లింతురు. నాకిది యెంతమాత్రము సమ్మతము గాదు. యజమాని యంత్రము ద్వారపు అంకెను చూచునేగాని, వచ్చినవాని బుద్ధిని చూడదు. లోకమున ఏ తలుపు తెరచియున్నదో తట్టి చూచు యంత్రములు రేయింబవళ్లు తిరుగుచుండును. లెక్కలు భద్రపరచు మైసీక్వెల్‌కు 3306 అను ద్వారము గలదు. అది తెరచితిమా, సభ్యుల బాకీలన్నియు వీధిలో పడగలవు. చూపవలసిన పుట కొక్క ద్వారము చాలును. దానికిని సంకేతపదము కావలెను.

ఇంటి రౌటరును మరియొక యజమానియే. అచ్చటను ఇట్టి యాజ్ఞయే వ్రాయవలెను. కొన్ని ఇంటర్నెట్ కంపెనీలు పెక్కిండ్లకు ఒకే బహిరంగ చిరునామా నిచ్చును. అట్టియెడ వార్త రౌటరు వరకే రాదు. ప్రత్యేక చిరునామా అడిగి తీసికొనవలెను.

మనుమడు తన యింటి వైఫైతో చూచి "అంతయు సరిగానున్నది" అనినచో నమ్మకుడు. మీరు ఊరిలో నుండియే మీ ఫోనుతో తెరచి చూడుడు.