పేదయింటి కరెంటు బిల్లు – పంచాయతీ సభ్యుల బాధ్యత

పంచాయతీ సభ్యులారా,

నెల తిరుగగానే కరెంటు బిల్లు చూచి దిగులుపడు కుటుంబములు ప్రతి గ్రామమునను గలవు. తెలంగాణలో ఇట్టివారి కొరకు 2024 మార్చి నుండి గృహజ్యోతి పథకము అమలునకు వచ్చినది. తెల్ల రేషను కార్డు గల కుటుంబము నెలకు 200 యూనిట్లకు మించక వాడినచో సున్నా బిల్లు వచ్చును. అద్దెయింట నివసించువారును అర్హులే. అయితే 200 దాటినచో ఆ నెల మొత్తము బిల్లు చెల్లింపవలెను. ఈ సంగతి ప్రతి ఇల్లాలికిని తెలియవలెను.

అర్హత యుండియు సున్నా బిల్లు రానిచో, ముందుగా రేషను కార్డు, ఆధారు, మీటరు సర్వీసు నంబరు సరిగా నమోదైనవో లేదో విచారింపవలెను. వానిని బిల్లుతో గూడ మండల పరిషత్తు కార్యాలయమందలి ప్రజాపాలన సేవాకేంద్రమున చూపి దరఖాస్తు చేసికొనవచ్చును.

చదువురాని వృద్ధురాలు కార్యాలయము మెట్లెక్కుటకు జంకును. ఆమె వెంట నడచుట వార్డు సభ్యుని విధి. కావున మీ వార్డులో ఇల్లిల్లు తిరిగి బిల్లులు చూడుడని, అర్హులై యుండియు సొమ్ము కట్టుచున్నవారి జాబితా వ్రాయుడని మేము కోరుచున్నాము. ఆ జాబితాను గ్రామసభలో చదివి, మరుసటి నెలలో ఎందరికి సున్నా బిల్లు వచ్చినదో మరల చూడుడు.