అన్నా, ఈ ఫోన్ కొనొచ్చా?

వెనక గాలి హోరు వినిపిస్తే ఏమనుకోకండి, మా వాడరేవు ఒడ్డు ఇది.

1997లో అమెరికాలో ఆనంద్ లాల్ షింపీ అని 14 ఏళ్ల కుర్రాడు ఆనంద్‌టెక్ సైట్ మొదలుపెట్టాడు. ఒక్క ప్రాసెసర్ మీదే పేజీలకు పేజీలు టెస్టులు! 2014లో ఆయన యాపిల్‌లో చేరాడు. 2024 ఆగస్టు 30న సైటే ఆగిపోయింది. మన తెలుగులో కంప్యూటర్ ఎరా పత్రిక నడిపిన నల్లమోతు శ్రీధర్ గారు కూడా తర్వాత వీడియోల్లోకి వచ్చారు. యాడ్ డబ్బులు ఎటు పోతే మేమూ అటే కదా.

ఇప్పుడు మా సంగతి. కంపెనీ ఫోన్ పంపిస్తుంది, రిలీజ్ రోజుకి వీడియో రెడీగా ఉండాలి. రెండు రోజుల్లో బ్యాటరీ గురించి ఏం తెలుస్తుంది? అయినా ఓసారి "బ్యాటరీ అదుర్స్" అనేశా. అది చూసి మా ఊళ్లో వేటకెళ్లే అన్న ఒకాయన కొన్నాడు. ఎండలో స్క్రీన్ కనపడదు. సముద్రంలో సిగ్నల్ వెతుక్కుని వెతుక్కుని మధ్యాహ్నానికే ఛార్జింగ్ ఖాళీ.

"తమ్ముడూ, నువ్వసలు వాడావా?" అన్నాడు.

లేదన్నా.

డబ్బులిచ్చి ఆ ఫోన్ ఆయన దగ్గర నేనే తీసుకున్నా. నెల రోజులు వాడా. ఇదిగో, అదే. ముందు ఎండలో స్క్రీన్ చూపిస్తా, దగ్గరికి రండి.