పడిగె మీద ఉన్నది ఎవరు?



ఉప్పల్, నాచారం వైపు పనికని, చదువుకని వచ్చి స్థిరపడ్డ వాళ్లం మనం. మన సంఘం బ్యానర్ మీద కోయల పడిగె బొమ్మ వేసుకున్నాం. ‘ఇందులో ఉన్నది ఎవరు?’ అని ఒక పాప అడిగితే మాలో ఒక్కరూ చెప్పలేకపోయాం. అందుకే ఈ నాలుగు మాటలు.

పికాసో 1937లో ‘గెర్నికా’ గీశాడు. స్పెయిన్‌లో ఆ పేరున్న ఊరి మీద బాంబులు వేశారు. కానీ బొమ్మలో విమానం లేదు. అరుస్తున్న గుర్రం, చనిపోయిన బిడ్డతో తల్లి, విరిగిన కత్తి ఉన్నాయి. ఊరి కథ తెలిసినవాళ్లకే అవి మాట్లాడతాయి.

మన పడిగె కూడా అంతే. మూడు కోణాల గుడ్డ మీద ఆ గట్టు వేల్పులు, పూర్వీకులు ఉంటారు. ఏ బొమ్మ ఎవరిదో డోలీలు పాడితేనే తెలుస్తుంది.

మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్‌కు చెందిన పరధాన్ గోండు జన్‌గఢ్ సింగ్ శ్యామ్‌దీ పాడేవాళ్ల వంశమే. పాటల్లోని వేల్పులకు ఆయన రంగుల్లో రూపమిచ్చాడు. 1989లో ఆ బొమ్మలు పారిస్ ప్రదర్శనకు వెళ్లాయి.

పాట పోతే పడిగె వట్టి గుడ్డే. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, లక్డీకాపూల్‌లో దిగండి. మాసాబ్‌ట్యాంక్ గిరిజన మ్యూజియం అక్కడికి దగ్గరే. చూసి రండి. తర్వాత ఊరికి వెళ్లినప్పుడు పెద్దల పక్కన కూర్చుని అడగండి. వాళ్లు ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేయండి. ఆ పాపకు మనం ఇంకా జవాబు బాకీ ఉన్నాం.