పరిశ్రమల పర్యావరణపు లెక్కలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కావ్యములను గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ప్రబంధములను నేను ఈ గ్రంథాలయపు బల్లయొద్దనే కూడబలుకుకొని నేర్చినవాడను. అయినను నాకన్నము పెట్టినవి లెక్కలు. కావున నేడు పరిశ్రమలు నీటికిని గాలికిని వ్రాయు లెక్కలను గూర్చి మనవి చేసెదను.

వ్యాపారికి ధనపు చిట్టా ఉన్నట్లే, నీరెంత తోడెను, బొగ్గెంత కాల్చెను, మురుగెంత విడిచెను అనుదానికిని చిట్టా ఉండవలెను. ఇట్టి యేర్పాటునే పర్యావరణ నిర్వహణ వ్యవస్థ యందురు. అంతర్జాతీయ ప్రమాణ సంస్థ 1996లో దీనికై ఐఎస్ఓ 14001 అను ప్రమాణమును ప్రకటించెను. చేయదలచినది వ్రాసికొని, చేసి, సరిచూచుకొని, తప్పు దిద్దుకొనవలెననుట దాని సారము. ఇంత పొగయే విడువవలెనని అది హద్దు గీయదు. అది ప్రభుత్వముల పని. గోడకు వ్రేలాడు యోగ్యతాపత్రమును చూచి పొగగొట్టము నిర్మలమనుకొనరాదు.

మన దేశమున 1992లో చేసిన నిబంధన వలన, పరిశ్రమలు ఏటేట పర్యావరణ నివేదికను రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి పంపవలసి వచ్చెను. దానిని చదువుటకు లెక్క తెలిసిన చాలును. నూరు పాళ్ళ నీరు లోనికి వచ్చి, ఆవిరిగా ఇరువది, సరకులో పది పోయినచో, తక్కిన డెబ్బది యెచ్చటికేగెను?

అయితే ఆ లెక్క నెవరు సరిచూడవలెను? నా యౌవనమున ఒక గిడ్డంగిలోని నిల్వలను సరిచూడబోతిని. కూలి యిచ్చినవాడును, భోజనము పెట్టినవాడును ఆ యజమానియే. ముందువరుస బస్తాలు లెక్కించి, వెనుకవాటిని ఊహించి సంతకము చేసితిని. పిమ్మట వెనుకవన్నియు ఊకబస్తాలని తేలెను. అబద్ధము వ్రాయుమని నన్నెవరును అడుగలేదు. వెనుకకు పోయి చూడవలెనని నాకే తోచలేదు.

గుజరాత్‌లో 1996లో హైకోర్టు ఆదేశముచే బయటివారి తనిఖీ యేర్పడెను. కాని అప్పుడు తనిఖీదారు నెన్నుకొని రుసుమిచ్చినది పరిశ్రమయే. ఎస్తర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణీ పాండే, నికొలస్ రయన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు 2009 మొదలు రెండేండ్లు 473 కర్మాగారములతో ఒక ప్రయోగము నడిపిరి. పొగలోని ధూళి హద్దు మీరినవి నూటికి 7 మాత్రమే యని పాతపద్ధతి తనిఖీదారులు వ్రాయగా, మరల కొలిచినప్పుడు 59 అని తేలెను! క్రొత్తపద్ధతిలో చీటి వేసినట్లు తనిఖీదారులను కేటాయించి, రుసుమును ఉమ్మడి నిధినుండి యిచ్చి, కొన్ని కొలతలను తిరిగి పరీక్షించిరి. హద్దు మీరినదానిని లోబడియున్నదని వ్రాయుట నూటికి 80 వంతులు తగ్గెను. కర్మాగారముల కాలుష్యమును తగ్గెను. మనుష్యులు వారే, యంత్రములు నవియే. మారినది కూలి యిచ్చు చేయి.

లెక్కలు వ్రాయువారు ధనమపహరించు నలుబది మార్గములను కౌటిల్యుడు అర్థశాస్త్రమున చెప్పియున్నాడు. మా వృత్తిపై ఆయనకు గల అభిప్రాయము నాకెన్నడును రుచింపలేదు గాని, కాదనుటకును నోరాడదు.

2025లో కేంద్ర ప్రభుత్వము పర్యావరణ తనిఖీ నిబంధనలను ప్రకటించెను. అందు నమోదైన తనిఖీదారులను యాదృచ్ఛికముగా కేటాయించు పద్ధతి యున్నది. మండలి యొద్దనున్న నివేదికల ప్రతులను 2005 నాటి సమాచార హక్కు చట్టము ననుసరించి మనమును కోరవచ్చును. మన కాలువ యొడ్డునున్న పరిశ్రమల పత్రము నెవరైన తెప్పించినచో, ప్రక్కన కూర్చుండి అంకెలు కూడి చూపుటకు నేను సిద్ధము. సాయంకాలము ఆరు గంటల తరువాత నేనిచ్చటనే యుందును.